స్మార్ట్ డైపర్ సెన్సార్లు వృద్ధాశ్రమాల్లో నిజంగా పనికొస్తాయా? మూడు వారాలు వాడాక నాకు అర్థమైంది ఇదీ

మన సైట్‌లో ఇప్పటిదాకా ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం. ఈసారి గ్యాడ్జెట్ కొంచెం వేరు. పెద్దవాళ్ల డైపర్‌కి తగిలించే సెన్సార్. తడి తగలగానే యాప్‌లో నోటిఫికేషన్ వస్తుంది. "ఇది మనకెందుకు బ్రో" అనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసే మనలో చాలామంది అమ్మమ్మలు, తాతయ్యలు ఇప్పుడు కొండాపూర్, మియాపూర్ చుట్టుపక్కల సీనియర్ కేర్ హోమ్‌లలో ఉంటున్నారు. మా నానమ్మ కూడా అలాంటి ఒక హోమ్‌లోనే ఉంటుంది. ఆమెకి 81 ఏళ్లు. బాత్‌రూమ్‌కి చేరేలోపే పని అయిపోతోందని హోమ్ వాళ్లు ఫోన్ చేసి చెప్పినప్పుడు, గ్యాడ్జెట్లు రివ్యూ చేసేవాడిగా నాకు మొదట తట్టింది ఒకటే: దీనికి ఏదో ఒక సెన్సార్ ఉండే ఉంటుంది.

ఉంది. కొన్నాను. మూడు వారాలు వాడాం. పరికరం బాగానే పనిచేసింది, సమస్య మాత్రం తీరలేదు. చివరికి సమస్యని చాలావరకు తగ్గించింది ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను. ఎందుకో వివరంగా చూద్దాం.

(మన దగ్గర "నర్సింగ్ హోమ్" అంటే చిన్న ప్రైవేట్ ఆసుపత్రి. నేను మాట్లాడేది పెద్దవాళ్లు ఉండే హోమ్‌ల గురించి. ఓల్డేజ్ హోమ్, అసిస్టెడ్ లివింగ్, వృద్ధాశ్రమం, ఏ పేరైనా అనుకోండి.)

అసలు సమస్య ఏంటి?

మూత్రం ఆపుకోలేకపోవడం వయసుతో పాటు తప్పక వచ్చేదేమీ కాదు. అది ఒక లక్షణం, దాని వెనక కారణాలు ఉంటాయి. డాక్టర్లు ముఖ్యంగా నాలుగు రకాలు చెప్తారు.

దగ్గినా, తుమ్మినా, లేచి నిలబడినా కొంచెం కారిపోవడం స్ట్రెస్ రకం. ఒక్కసారిగా వచ్చేసి, ఆపుకునే టైమ్ లేకపోవడం అర్జ్ రకం. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవ్వక, నిండి పొంగినట్టు చుక్కలు చుక్కలుగా కారడం ఓవర్‌ఫ్లో రకం. మగవాళ్లలో ప్రోస్టేట్ పెరిగినప్పుడు ఇది ఎక్కువ. నాలుగోది ఫంక్షనల్ రకం. ఇందులో మూత్రాశయం బాగానే ఉండొచ్చు. మోకాళ్ల నొప్పుల వల్ల లేవలేరు, చీకట్లో దారి కనపడదు, నాడా ముడి విప్పేలోపు ఆలస్యం అవుతుంది. హోమ్‌లలో ఉండేవాళ్లలో ఒకే మనిషికి రెండు మూడు రకాలు కలిసి ఉండటం మామూలే.

మెడికల్ స్టూడెంట్స్‌కి దీని మీద ఒక బండగుర్తు నేర్పిస్తారు. సరిచేయగల కారణాల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే "డయాపర్స్" అని వస్తుంది, కాకపోతే మధ్యలో పి రెండుసార్లు ఉంటుంది. ఆ కారణాలు ఇవి: ఉన్నట్టుండి వచ్చే మతిభ్రమ, ఇన్‌ఫెక్షన్, మెనోపాజ్ తర్వాత ఆ భాగం పొడిబారి పల్చబడటం, మందులు, మానసిక కుంగుబాటు, మూత్రం ఎక్కువగా తయారవడం, నడవలేకపోవడం, మలబద్ధకం. డైపర్ వేసే ముందు ఈ ఎనిమిదీ చూడాలన్నమాట. షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా, గ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడుతున్నా మూత్రం పెరుగుతుంది. మలబద్ధకం వల్ల పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. యాప్‌లో మాత్రం వీటిలో ఒక్కటి కూడా కనపడదు.

మార్కెట్లో ఏ టెక్నాలజీలు ఉన్నాయి?

ముందు డైపర్ సంగతే చూద్దాం, ఎందుకంటే అది కూడా ఒక టెక్నాలజీనే. లోపల ఉండే తెల్లటి గుళికలు సోడియం పాలీయాక్రిలేట్. తడి తగిలితే జెల్ అయిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ అయితే తన బరువుకి వందల రెట్లు పీల్చుకోగలదు. కానీ మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఆ సామర్థ్యం పదో వంతుకి పడిపోతుంది. ఫోన్ బాక్స్ మీద రాసిన చార్జింగ్ వాట్లకి, మన ప్లగ్ దగ్గర కనపడే స్పీడ్‌కి ఉన్న తేడా లాంటిదే ఇది. ప్యాకెట్ మీద ఎన్ని మిల్లీలీటర్లు రాసినా, మనిషి కూర్చుని ఉన్నప్పుడు, బరువు పడినప్పుడు, ఒకేసారి 200-300 మిల్లీలీటర్లు వచ్చినప్పుడు అంత పట్టదు.

రెండోది తడి సెన్సార్. రెండు వాహక తీగల మధ్య తడి చేరితే కరెంట్ పారుతుంది, చిప్ బ్లూటూత్‌లో సిగ్నల్ పంపుతుంది. సూత్రం ఇంతే. ఇందులో తెలివైన డిజైన్ అంటే 2020లో ఎంఐటీ పరిశోధకులు చూపించినది. వాళ్లు డైపర్‌లోని జెల్‌నే యాంటెన్నాలో భాగం చేశారు. జెల్ తడిసి కొంచెం వాహకంగా మారగానే, బ్యాటరీ లేని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ మీటర్ దూరంలో ఉన్న రీడర్‌కి సిగ్నల్ ఇస్తుంది. ట్యాగ్ ఖర్చు 2 సెంట్ల కంటే తక్కువ అన్నారు. పిల్లల కోసం పాంపర్స్ కంపెనీ 2019లో లూమి అనే సెన్సార్ తెచ్చింది. పెద్దవాళ్ల కేర్ హోమ్‌ల కోసం టెనా బ్రాండ్ ఇలాంటి మార్పు-సూచికలు తెచ్చింది.

మూడోది నాకు బాగా నచ్చిన ఐడియా: తడిసిన తర్వాత కాదు, ముందే చెప్పడం. జపాన్ స్టార్టప్ ట్రిపుల్ డబ్ల్యూ చేసిన డీఫ్రీ అనే పరికరం ఇదే చేస్తుంది. పేరుకి అర్థం "డైపర్ ఫ్రీ". కంపెనీ పెట్టిన అత్సుషి నకనిషి అమెరికాలో చదువుకునేటప్పుడు, బాత్‌రూమ్ చేరేలోపే నడివీధిలో తనకే జరిగిన ఇబ్బంది నుంచి ఈ ఆలోచన పుట్టిందని తనే చెప్పుకున్నాడు. పొత్తికడుపు కింద చిన్న అల్ట్రాసౌండ్ సెన్సార్ అతికిస్తారు. అల్ట్రాసౌండ్‌లో మూత్రం నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. మూత్రాశయం గోడలు మాత్రం తరంగాల్ని వెనక్కి పంపుతాయి. ముందు గోడకీ వెనక గోడకీ దూరం పెరుగుతుంటే నిండుతోందని లెక్క. ఒక హద్దు దాటగానే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. 2019 సీఈఎస్‌లో దీన్ని చూపించారు, అప్పట్లో అమెరికాలో ధర 500 డాలర్లు.

ఇలాంటి ఆలోచనలు జపాన్‌లో ఎందుకు పుడుతున్నాయంటే, అక్కడ ముసలివాళ్ల జనాభా ఆ స్థాయిలో ఉంది. ఓజీ హోల్డింగ్స్ అనే కంపెనీ 2024లో జపాన్‌లో పిల్లల డైపర్లు చేయడం మానేసి పెద్దవాళ్ల డైపర్ల మీద దృష్టి పెడతామని ప్రకటించింది. మనకీ ఆ రోజు దూరంలో లేదు. 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు 60 దాటినవాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 రిపోర్ట్ అంచనా. దక్షిణాది రాష్ట్రాలు ఈ విషయంలో ముందే ఉన్నాయి.

నా అనుభవం: మొదటి వారం

నేను కొన్నది రెండో రకం, అంటే తడి సెన్సార్. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందులు ఆ ఒక్క కంపెనీవి కావు. అలర్ట్‌లు హోమ్‌లోని ట్యాబ్‌కి, నా ఫోన్‌కి వచ్చేలా పెట్టాను.

మొదటి సమస్య సిగ్నల్. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే, నీరు ఆ తరంగాల్ని బాగా పీల్చేస్తుంది. నానమ్మ సెన్సార్ ఉన్న వైపుకి తిరిగి పడుకుంటే కనెక్షన్ పోయేది. గేట్‌వేని తలవైపు నుంచి మంచం పక్కకి మార్చాక కొంత మెరుగైంది. రెండోది తప్పుడు అలర్ట్‌లు. కరెంట్ పోయి ఏసీ ఆగిపోతే చెమటకి కూడా మోగింది. ఇవి మనం సెట్టింగ్స్‌లో తిప్పుకుని సరిచేసుకోగల విషయాలే.

అసలు విషయం మూడోది. రాత్రి 2 గంటలకి అలర్ట్ వచ్చేది. డైపర్ మార్చేసరికి ఒక్కోసారి ముప్పావు గంట. నేను కేర్‌టేకర్ అక్కని కొంచెం గట్టిగానే అడిగాను. ఆమె ప్రశాంతంగా అంది: "మీ ఫోన్ మోగితే నేనేం జేస్త సార్? రాత్రిపూట ఇద్దరమే ఉంటం. ఇరవై మందిని జూసుకోవాలె. అవ్వది తడిసిందని నాకు ఎట్లైనా తెలుస్తది. చేతులే లెవ్వు."

ఆ మాట విన్నాక లెక్క వేసి చూశాను. ఇరవై మందిని రెండు గంటలకోసారి లేపి, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి, తిరిగి పడుకోబెట్టడానికి ఒక్కొక్కరికి 10 నిమిషాలు అనుకోండి. మొత్తం 200 నిమిషాలు. ఇద్దరు మనుషులకి రెండు గంటల్లో ఉండేది 240 నిమిషాలు. అంటే మిగిలిన అన్ని పనులకీ కలిపి ఇద్దరికీ మిగిలేది 40 నిమిషాలు. సెన్సార్ ఎంత ఫాస్ట్‌గా చెప్పినా, ఈ లెక్క మారదు. ప్రాసెసర్ ఖాళీ లేనప్పుడు ఇంకో యాప్ నుంచి నోటిఫికేషన్ పంపితే ఏం లాభం?

రెండో వారం: నేను చేసిన తప్పు

ఆదివారం వెళ్తే నానమ్మ నీరసంగా ఉంది. మాట కొంచెం తడబడుతోంది. సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లు తాగడం లేదని కేర్‌టేకర్ చెప్పింది. ఎందుకు తాగట్లేదని అడిగితే నానమ్మ గోడవైపు చూస్తూ అంది: "నేను ఒంటికి పోయిన ప్రతిసారీ నీ ఫోన్‌కి తెలుస్తదంట కదరా. ఆఫీసులో నలుగురి మధ్యన ఉంటావు. నాకు సిగ్గు కాదా?"

నేను ఆమెని ఒక్క మాట కూడా అడక్కుండా పెట్టించిన సెన్సార్ అది. డాక్టర్ పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలింది. నీళ్లు తగ్గించడం ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది, ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇస్తుంది. ఆపుకోలేని సమస్య ఉన్నవాళ్లు సిగ్గుతో మొదట మానేసేది నీళ్లే. నా నోటిఫికేషన్ ఆ సిగ్గుని పెంచింది.

ఆ రోజే నా ఫోన్ నుంచి యాప్ తీసేశాను. నానమ్మ ముందే తీశాను, ఆమెకి చూపించి మరీ.

మూడో వారం: కాగితం, పెన్ను

డాక్టర్ అడిగింది ఒకటే: మూడు రోజుల బ్లాడర్ డైరీ. ఎన్ని గంటలకి ఏం తాగారు, ఎన్ని గంటలకి బాత్‌రూమ్‌కి వెళ్లారు, ఎన్ని గంటలకి తడిసింది, కొంచెమా ఎక్కువా. కొలత గ్లాసు ఒకటి పెడితే ఇంకా మంచిది. సెన్సార్ రికార్డ్ ఇక్కడ కొంచెం ఉపయోగపడింది, రాత్రి టైమ్‌లు కచ్చితంగా ఉన్నాయి కాబట్టి. కానీ తాగిన నీళ్లు, వేసుకున్న మాత్రలు, వెళ్లొచ్చిన ట్రిప్పులు సెన్సార్‌కి తెలియవు.

మూడు రోజులు రాసేసరికి ప్యాట్రన్ కళ్లకి కట్టింది. తడవడం దాదాపు అంతా రాత్రి 10 నుంచి 3 మధ్యే. నీరు తీసే బీపీ మాత్ర రాత్రి భోజనం తర్వాత ఇస్తున్నారు. సాయంత్రానికి కాళ్ల వాపు ఉంటోంది; పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. పైగా మంచం నుంచి బాత్‌రూమ్‌కి దారిలో లైట్ లేదు.

డాక్టర్ ఆ మాత్రని పొద్దుటికి మార్చారు (ఇది మనంతట మనం చేయకూడదు, దయచేసి). మధ్యాహ్నం ఓ గంట కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకోమన్నారు. ఇన్‌ఫెక్షన్‌కి కోర్సు రాశారు. నేను రెండు మోషన్ సెన్సార్ నైట్ లైట్లు పెట్టాను. మంచం పక్కన కమోడ్ కుర్చీ వచ్చింది. నాడా ఉన్న లంగా బదులు ఎలాస్టిక్ వచ్చింది.

దీనికి తోడు కేర్ హోమ్‌ల వైద్యంలో బాగా పరీక్షించిన పద్ధతి ఒకటి ఉంది, ప్రాంప్టెడ్ వాయిడింగ్ అంటారు. పగలు రెండు గంటలకోసారి వెళ్లి "బాత్‌రూమ్‌కి వెళ్దామా అవ్వా?" అని అడగడం, వెళ్తానంటే తీసుకెళ్లడం, పొడిగా ఉంటే "బాగుంది" అని ఒక మాట చెప్పడం. అంతే. ఇది అందరికీ పనిచేయదు. కానీ ఎవరికి పనిచేస్తుందో మూడు రోజుల ట్రయల్‌లోనే తెలిసిపోతుంది. మన 200 నిమిషాల లెక్కకి జవాబు ఇక్కడే ఉంది: ఇరవై మందినీ లేపక్కర్లేదు. ఎవరికి ఏ టైమ్‌లో అవసరమో తెలిస్తే, ఉన్న ఇద్దరు మనుషుల టైమ్‌ని అక్కడే ఖర్చు చేయొచ్చు. డేటా నిజంగా ఉపయోగపడేది దానికే.

నానమ్మకి ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందని చెప్పను. వారంలో ఒకట్రెండు రాత్రులు తడుస్తుంది. కానీ నీళ్లు తాగుతోంది.

"పైప్ వేసేస్తే పోదా?"

చాలామంది అడిగే ప్రశ్న. మూత్రం ఆగిపోయినవాళ్లకి, కొన్ని పుండ్లు మానాల్సినవాళ్లకి కాథెటర్ అవసరం. సౌకర్యం కోసం మాత్రం వేయకూడదు. పైప్ ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరిపోతుంది.

కొనే ముందు చూడాల్సినవి

డైపర్ రకం: నడిచేవాళ్లకి ప్యాంట్ మోడల్, మంచం మీద ఉండేవాళ్లకి టేప్ మోడల్. నడుము, తుంటి చుట్టుకొలత టేప్‌తో కొలిచి కొనండి. పెద్ద సైజ్ అయితే ఎక్కువ పీల్చదు, పక్కల నుంచి కారుతుంది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్పుల్లో క్లినికల్ డైపర్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి.

చర్మం: తడిసిన ప్రతిసారీ మెల్లగా కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ లాంటి క్రీమ్ పల్చగా రాయాలి. పౌడర్ చల్లితే ఉండలు కట్టి ఒరుసుకుంటుంది.

తడి సెన్సార్: మంచం మీదే ఉండి, మాట్లాడలేనివాళ్లకి పనికొస్తుంది. ఎక్కువసేపు తడిలో ఉండకుండా కాపాడుతుంది. కొనే ముందు హోమ్‌ని అడగండి: రాత్రి ఎంతమందికి ఎంతమంది ఉంటారు? అలర్ట్ ఎవరు చూస్తారు?

అల్ట్రాసౌండ్ సెన్సార్: మూత్రం వచ్చినట్టు తెలియనివాళ్లకి, కానీ తీసుకెళ్తే వెళ్లగలిగేవాళ్లకి. సరైన చోట అతికించాలి, జారితే రీడింగ్ తప్పుతుంది. ఇంపోర్ట్ చేసుకుంటే సర్వీస్, వారంటీ ఇక్కడ ఎవరిస్తారో ముందే కనుక్కోండి.

ప్రైవసీ: డేటా ఏ సర్వర్‌లో ఉంటుంది, ఎవరెవరు చూస్తారు, డిలీట్ చేసే ఆప్షన్ ఉందా అన్నవి చూడండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అనుమతి గురించి చెప్తుంది. ఆ అనుమతి ఇవ్వాల్సింది యాప్ ఇన్‌స్టాల్ చేసిన మనవడు కాదు, సెన్సార్ పెట్టుకునే మనిషి. అడిగి, అర్థమయ్యేలా చెప్పి, వద్దంటే వదిలేయండి.

హోమ్‌లో నిర్లక్ష్యం కనిపిస్తే, లేదా పెద్దవాళ్ల సంరక్షణ గురించి సమాచారం కావాలంటే 14567 ఎల్డర్ లైన్‌కి కాల్ చేయొచ్చు. టాటా ట్రస్ట్స్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన హెల్ప్‌లైనే తర్వాత దేశమంతటికీ విస్తరించింది.

ఫైనల్ వెర్డిక్ట్

పరికరంగా ఈ సెన్సార్‌కి నేను 5కి 3.5 ఇస్తాను. తడిని బాగానే పట్టుకుంటుంది, బ్యాటరీ ఓకే, సిగ్నల్ కొంచెం వీక్. కానీ పరిష్కారంగా చూస్తే, ముందు మూడు రోజుల డైరీ, తర్వాత డాక్టర్, ఆ తర్వాత లైట్లు, కమోడ్ కుర్చీ. ఇవన్నీ అయ్యాక కూడా అవసరం అనిపిస్తే అప్పుడు సెన్సార్. మీ బడ్జెట్‌లో ఇంకా డబ్బులు మిగిలితే, రాత్రి షిఫ్ట్‌లో ఇంకో మనిషిని పెట్టడానికి ఎంత అవుతుందో ఆ హోమ్‌లోని మిగతా కుటుంబాలతో కలిసి మేనేజర్‌ని అడగండి. మేం ఐదు కుటుంబాలం అడిగాం. వచ్చే నెల నుంచి చూస్తామన్నారు.